తనవారెవరు? పరులెవరు?

లోకమున మనము నిత్యము వాడు మాటలలో ‘మనవాడు’, ‘పరాయివాడు’ అను రెండింటికి ఉన్నంత బలము వేరు మాటలకు లేదు. పెండ్లి సంబంధము మొదలుకొని పొలము గట్టు తగవు వరకు ఈ రెండు మాటలే న్యాయాధిపతులై తీర్పు చెప్పుచుండును. ఆ తీర్పునకు ఆధారమేమని అడిగినచో కొందరు పెద్దలు, “అది ప్రకృతి ధర్మము. మన శరీరమే పరాయి వస్తువును సహింపదు. కంటిలో నలుసు పడిన నీరు కార్చి వెడలగొట్టును. కాలిలో ముల్లు విరిగిన చీము పట్టి బయటికి నెట్టును. శరీరము చేయు పనిని మనము చేసిన తప్పేమి?” అని సమాధానము చెప్పుదురు. నేనును చాల కాలము ఈ మాటను నమ్మియుంటిని.

మా అక్కయ్య మూలమున ఆ నమ్మకము సడలినది. ఆమెకు డెబ్బది యేండ్లు. కొంతకాలముగా చేతివ్రేళ్ళ కణుపులు వాచి, తెల్లవారునప్పటికి పిడికిలి ముడువలేని స్థితి కలిగినది. వైద్యుడు పరీక్షలు చేయించి, “అమ్మా! ఇది బయటినుండి వచ్చిన క్రిమి చేసిన పని కాదు. మీ ఒంటిని కాపాడవలసిన సైన్యమే మీ కీళ్ళను శత్రువులనుకొని కొడుతున్నది” అని చెప్పెను. ఇంటికి వచ్చిన పిమ్మట అక్కయ్య నన్ను చూచి, “ఒరే తమ్ముడూ! నా ఒంట్లో ఉన్నవాళ్ళు నన్నే పరాయిదాన్ని అనుకోవడమేమిటిరా?” అని అడిగినది. ఆ సమయమున కాఫీ చల్లార్చి, గ్లాసును ఆమె రెండు చేతుల నడుమ ఉంచి, జారిపోకుండ పట్టుకొనియున్నది ఆమె కోడలు. పండ్రెండేండ్ల క్రిందట వేరొక జిల్లానుండి, వేరొక ఆచారము గల ఇంటినుండి వచ్చిన ఆ పిల్లను అక్కయ్య ఈనాటికిని ‘పరాయింటి పిల్ల’ అనియే వ్యవహరించును. బీరువా తాళపుచెవులు గాని, పూజగదిలోని వెండి సామగ్రి గాని ఆమె చేతికిచ్చి ఎరుగదు.

అక్కయ్య ప్రశ్నకు ఆ దినమున నేను సమాధానము చెప్పలేకపోతిని. తరువాత గ్రంథములు చదివియు, తెలిసినవారిని అడిగియు గ్రహించిన సంగతులను పాఠకుల ముందుంచుచున్నాను.

మన శరీరమును ఒక కోటగా భావింతము. చర్మము దాని ప్రాకారము. కన్నీటిలోను, లాలాజలములోను బాక్టీరియా గోడలను కరగించు ద్రవ్యము కలదు. దానిని 1922లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ వర్ణించెను. జఠరములోని ఆమ్లము మరియొక కాపలా. ఇవి దాటి లోనికి వచ్చినవానిని ఎదిరించునవి తెల్లరక్తకణములు. 1882లో ఇటలీలోని మెస్సీనా తీరమున ఇల్యా మెచ్నికోవ్ అను శాస్త్రజ్ఞుడు, అద్దమువలె లోపలి భాగములు కనబడు సముద్రనక్షత్రపు పిల్లల శరీరమున గులాబి ముండ్లను గ్రుచ్చి రాత్రి అంతయు వేచియుండెను. ఉదయమున చూచునప్పటికి సంచార కణములు ఆ ముండ్ల చుట్టును మూగియుండెను. శత్రువును మ్రింగివేయు కణములు శరీరమున ఉన్నవని ఆయన నిశ్చయించెను. 1908లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఈ మొదటి సైన్యము శత్రువులను పేరు పేరున ఎరుగదు. బాక్టీరియా గోడలలో ఉండి, మన కణములలో ఎన్నడును లేని కొన్ని ద్రవ్యములను మాత్రము అది గుర్తించును. దొంగ ఎవరో తెలియకపోయినను వాని చేతిలోని గునపమును చూచి కేక పెట్టు కావలివాని వంటిది. ఈ గుర్తింపు సాధనములను ఈగలలో జూల్స్ హాఫ్‌మన్ 1996లోను, ఎలుకలలో బ్రూస్ బాయిట్లర్ 1998లోను వెల్లడించిరి.

రెండవ సైన్యము ఇంకను ఆశ్చర్యకరమైనది. లింఫోసైట్లు అను ఈ కణములలో ప్రతి ఒక్కటియు ఒక్కొక్క తాళమునకు సరిపడు ఒక్కొక్క చెవిని ధరించియుండును. ఈ చెవులు శత్రువును చూచి చేసినవి కావు. జన్యువులలోని ముక్కలను కలియబెట్టి, చేతికి వచ్చినట్లు అతికించి శరీరము వానిని ముందుగానే అసంఖ్యాకముగా తయారు చేసికొనును. జపాను దేశీయుడైన సుసుము టొనెగావా 1976లో ఈ రహస్యమును నిరూపించి 1987లో నోబెల్ బహుమానమును పొందెను. ఎన్నడును చూడని శత్రువు వచ్చినను, వానికి సరిపడు చెవి గల కణము ఎక్కడనో ఒకటి ఉండును. అది శత్రువును తాకినంతనే తనవంటివానిని వేలకొలది పుట్టించుకొని యుద్ధమునకు సాగును. యుద్ధము ముగిసిన పిదప కొన్ని కణములు జ్ఞాపకముతో మిగిలియుండును. 1796లో ఎడ్వర్డ్ జెన్నర్ ఆవుమశూచితో వేసిన టీకా ఈ జ్ఞాపకమును ఆశ్రయించినదే. ఆ బలముతోనే మన దేశము 1977లో మశూచి లేనిదిగా ధ్రువీకరింపబడినది. 1980లో లోకమంతటను ఆ వ్యాధి అంతరించినదని ప్రకటింపబడినది.

కాని ఇచట ఒక చిక్కు కలదు. చేతికి వచ్చినట్లు చెవులు చేసినపుడు, వానిలో కొన్ని మన ఇంటి తాళములకే సరిపోవును గదా! శత్రువును చంపుటకు చేసిన కత్తి తన గుండెకే గురియైన ఏమి గతి? అందుకు శరీరము ఒక గురుకులమును ఏర్పాటు చేసినది. రొమ్ము ఎముక వెనుక, గుండెకు పైభాగమున థైమస్ అను చిన్న గ్రంథి కలదు. బాల్యమున అది పెద్దదిగా ఉండి, వయస్సు మీరిన కొలది క్షీణించును. 1961లో జాక్ మిల్లర్ దాని ప్రయోజనమును కనుగొనువరకు అది పనికిరాని అవయవమని తలచినవారే ఎక్కువ. టి-కణములు అను యోధులకు అచట రెండు పరీక్షలు జరుగును.

మొదటి పరీక్ష: శరీరములోని చాల రకముల కణముల పైన ఆ మనుష్యునికి సంబంధించిన ఒక గుర్తు ఉండును. ఆ గుర్తును ఎరుగని యోధుడు పరీక్షలో తప్పినట్లే. ఎందుకనగా, టి-కణము శత్రువు ముక్కను విడిగా చూడలేదు. తన శరీరపు గుర్తుతో కూడియున్నపుడు మాత్రమే చూడగలదు. రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీ అను ఇరువురు ఆస్ట్రేలియాలో 1974 ప్రాంతమున దీనిని కనుగొని 1996లో నోబెల్ బహుమానమును పంచుకొనిరి. ఇది మిక్కిలి ఆలోచింపదగిన విషయము. తన్ను తాను ఎరుగనివానికి పరుని గుర్తించు శక్తియు లేదు.

రెండవ పరీక్ష మరింత కఠినమైనది. థైమస్‌లోని కొన్ని కణములు దేహమునందలి వేరు వేరు అవయవముల ప్రోటీన్లను తామే తయారు చేసి యోధుల ముందు ప్రదర్శించును. రాజ్యములోని ప్రతి గ్రామపు ప్రజల రూపములను పాఠశాల గోడపై చిత్రించి, “వీరు మనవారు, వీరిపై కత్తి ఎత్తరాదు” అని బోధించినట్లుండును. ఆ రూపములను చూచి బలముగా కత్తి దూసిన యోధుని అచటనే నశింపజేయుదురు. ఈ గురుకులమున నూరుగురు ప్రవేశించిన, ఐదుగురైనను బయటికి రారు. శరీరము తన యోధులకు గరపు విద్యలో ప్రధాన భాగము ఎవరిని కొట్టవలెనో కాదు, ఎవరిని కొట్టకూడదో అనునది.

ఇంత చేసినను కొందరు తప్పించుకొని వచ్చుచుందురు. వారిని అదుపు చేయుటకు వేరొక దళము కలదు. ఈ దళమును జపానులో షిమోన్ సకగుచి 1995లో గుర్తించెను. దానికి మూలమైన జన్యువును మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ 2001లో వెల్లడించిరి. ఈ ముగ్గురికిని 2025లో నోబెల్ బహుమానము లభించినది. ఆ జన్యువు చెడిన శిశువులకు పుట్టిన కొలది కాలమునకే ప్రేవులు, చర్మము, గ్రంథులు తమ సైన్యముచేతనే దెబ్బతినును. సైన్యము ఎంత ముఖ్యమో, సైన్యమును ‘ఆగు’ అనగల సైన్యమును అంతే ముఖ్యము.

అక్కయ్య ప్రశ్నకు సమాధానము ఇచట దొరకినది. ఆమె కీళ్ళలో ‘ఆగు’ అను మాట వినబడుట లేదు. అట్లని ఆ కణములకు ద్వేషము లేదు, బుద్ధియు లేదు. ఈ వ్యాధిని చూచి “ఏ పాపము చేసినదో” అని రోగిని నిందించుట కఠినహృదయుల పని. వారమునకొకసారి ఆమె మ్రింగు మందు మెథోట్రెక్సేట్. అది 1895లో భీమవరమున జన్మించి, అమెరికాలో లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వము వహించి 1948లో దివంగతులైన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందము కృషి వలన వెలువడినది. మొదట రక్తపు కాన్సరును ఎదిరించుటకు ఉద్దేశింపబడిన ఆ మందు, తక్కువ మోతాదులో, తనవారిపై కత్తి ఎత్తిన సైన్యమును శాంతింపజేయుటకును ఉపయోగపడుచున్నది.

ఇక మొదటి మాటకు వత్తము. శరీరము పరాయి వస్తువును సహింపదనుట నిజమేనా?

మనము నిత్యము తిను అన్నము, పప్పు, పెరుగు మన శరీరమునకు పరాయివే. సైన్యము వానిపై దాడి చేయదు. ఎప్పుడైన చేసినచో దానిని వ్యాధి అందుము. విరిగిన ఎముకకు వైద్యులు అమర్చు టైటానియం కమ్మి ఏ బంధుత్వమును లేని లోహము. అది ఏండ్ల తరబడి ఎముకతో కలిసి నిలిచియుండును. మన దేహమున, విశేషించి పెద్దప్రేవులలో, సుమారు 38 లక్షల కోట్ల బాక్టీరియా నివసించుచున్నవని 2016లో లెక్క కట్టిరి. మన సొంత కణములు సుమారు 30 లక్షల కోట్లు. అతిథుల సంఖ్య గృహస్థుల సంఖ్యకు తక్కువ కాదు! ఆ అతిథులు మనకు జీర్ణము కాని పీచును పులియబెట్టి ప్రేవుల గోడకు ఆహారముగా మార్చుచున్నవి. చోటంతయు తామే ఆక్రమించి, చెడ్డ క్రిములు నిలువకుండ కాపాడుచున్నవి. బలమైన మందులచే ఆ అతిథులు నశించినపుడు దుష్టక్రిములు విజృంభించి రోగిని పీడించుట వైద్యులు ఎరిగిన విషయమే.

అన్నిటికంటె గొప్ప నిదర్శనము తల్లి గర్భము. గర్భస్థశిశువులో సగము తల్లిది, సగము తండ్రిది. తండ్రి చర్మపు ముక్కను తల్లికి అతికించిన కొలది దినములలో ఆమె సైన్యము దానిని రాల్చివేయును. ఆ తండ్రి గుర్తులను ధరించిన బిడ్డను మాత్రము తొమ్మిది నెలలు మోయును. ఇది ఎట్లు సాధ్యమని 1953లో పీటర్ మెడవార్ ప్రశ్నించెను. నాటినుండి శాస్త్రజ్ఞులు సమాధానములు వెదకుచునే యున్నారు. ఇంతకు ముందు చెప్పిన ‘ఆగు’ అను దళమునకు ఇందు పాత్ర కలదని తెలిసినది. తల్లి బిడ్డను సహించుటయే కాదు. తన ప్రతిరక్షకములను మావి ద్వారమున, పుట్టిన పిదప చనుబాల ద్వారమున బిడ్డకు కవచముగా ఇచ్చును.

కోడలిని పరాయింటి పిల్ల అను ప్రతి యింటను ఈ విషయము స్మరింపదగినది. అట్లనుచున్న అత్తగారు తానును ఒకనాడు పరాయింటినుండి వచ్చినదే. ఆ యింటి బిడ్డలను తన గర్భమున మోసినపుడు, సగము పరాయియని ఆమె దేహము వారిని త్రోసివేయలేదు.

మరి శరీరము దేనిని చూచి కత్తి దూయును? 1994లో పాలీ మాట్జింగర్ అను శాస్త్రజ్ఞురాలు ఒక వాదమును ప్రతిపాదించినది. శరీరము ‘ఇది పరాయిదా?’ అని కాక, ‘ఇది హాని చేయుచున్నదా?’ అని ప్రధానముగా చూచునని ఆమె వాదము. గాయపడిన కణములు చేయు ఆక్రందనమే యుద్ధభేరి యట. ఈ వాదము అన్నిటికిని సమాధానము చెప్పదని వేరు శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. ఐనను పుట్టుక ఒక్కటే నేరము కాదనుటకు అన్నము, బాక్టీరియా, గర్భస్థశిశువు చాలినన్ని సాక్ష్యములు.

ఇది చదివి, “ఐనచో ఎవరు వచ్చినను తలుపు తెరువవలసినదేనా?” అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. కాదు. అమెరికాలో ఒక బాలుడు ఈ సైన్యము లేకుండ జన్మించి, 1971 నుండి 1984 వరకు, తన ఆయుష్షు దాదాపు అంతయు, ప్లాస్టిక్ గదిలో గడపెను. మనకు లెక్కలోనికి రాని క్రిమియు అట్టివారికి యముడే. ఎదిరింపలేనివాని ఊరకుండుటకు క్షమ అని పేరు పెట్టరాదు. అంతేకాదు, శత్రువు మనవాని వేషముననే రావచ్చును. గొంతునొప్పి కలిగించు ఒక జాతి బాక్టీరియా, గుండె కవాటములలోని ప్రోటీన్లను పోలిన ప్రోటీన్లను ధరించియుండును. దానిపై ఎత్తిన కత్తి కొందరు బాలుర గుండె కవాటములను గాయపరచును. మన దేశమున ఎందరో బాలురకు గుండెజబ్బు కలుగుటకు కారణమిదియే. మరియొక వంక, ప్రాణము నిలుపుటకు సోదరుడు ప్రేమతో ఇచ్చిన మూత్రపిండమును గూడ శరీరము శత్రువనుకొని ధ్వంసము చేయబోవును. మందులతో దానిని అడ్డవలసియుండును. కావున శరీరము మనకు గురువు కాజాలదు. అది అన్నము విషయమున విజ్ఞత గలది, మూత్రపిండము విషయమున మూఢురాలు. శరీరమును సాక్షిగా పిలిచి పరాయివానిని ద్వేషించువాడును, అదే శరీరమును సాక్షిగా పిలిచి తలుపులన్నియు తెరువుమనువాడును సగము మాటనే వినుచున్నారు. కణమునకు లేని వివేకము మనుష్యునికి కలదు. తీర్పు చెప్పవలసినది అదియే.

ఆ వివేకము ఎట్లుండవలెనో తెలియుటకు వైష్ణవులకు విభీషణ శరణాగతి ఘట్టమును మించిన పాఠము లేదు. నలుగురు అనుచరులతో విభీషణుడు సముద్రపు ఒడ్డున ఆకాశమున నిలిచి శరణు వేడినపుడు రామసైన్యమున జరిగినది సరిగా ఈ విచారణయే. సుగ్రీవుడు అతని పుట్టుకను చూచెను: రాక్షసుడు, రావణుని తమ్ముడు, కావున వధ్యుడు. అంగదుడు పరీక్షింపవలెననెను. శరభుడు చారుని పంపుమనెను. జాంబవంతుడు వచ్చిన కాలమును, స్థలమును శంకించెను. మైందుడు మెల్లగా ప్రశ్నించి చూడుడనెను. హనుమంతుడు మాత్రము వచ్చినవాని ముఖమును, మాటను చూచెను. అందు కపటము కానరాలేదనెను. శ్రీరాముడు అందరి మాటలు వినెను. ఎవరిని గద్దింపలేదు. మిత్రభావముతో వచ్చినవానిని దోషమున్నను విడువజాలనని నిశ్చయించెను. ఆ అభయము బలహీనుని అభయము కాదు. అతడు ద్రోహము తలపెట్టినను తనకు హాని చేయలేడని ఎరిగినవాని అభయము.

తరువాతి కథను మనము తరచుగా మరచిపోవుదుము. రావణుడు పంపిన శుకసారణులు వానర రూపములు ధరించి సైన్యమున జొరబడిరి. వేషమును చూచి వానరులు ‘మనవారే’ అనుకొనిరి. వారిని గుర్తించి పట్టి ఇచ్చినవాడు ఎవరు? ‘పరాయివాడు’ అని మొన్న ద్వారమున నిలిపిన విభీషణుడే. మనవారివలె కనబడినవారు చారులైరి. పరాయివాడుగా కనబడినవాడు కాపలావాడయ్యెను. చారులనైనను శ్రీరాముడు చంపక విడిచిపుచ్చెను. కొట్టగల శక్తి ఉండియు ఎచట ఆగవలెనో తెలిసినవాడే వీరుడు.

ఇంతవరకు చెప్పిన దానిలో గృహస్థులమైన మనము గ్రహింపదగినది స్వల్పము. పరుని గుర్తింపవలెనన్న ముందు తన్ను తాను ఎరుగవలెను. పుట్టుకను గాక నడతను చూడవలెను. చేతికి కత్తి నేర్పుటతో బాటు ఆగుట నేర్పవలెను. వీనిలో మూడవది కడు కష్టము. ఏలయనగా, ఒకసారి ‘పరాయి’ అని నిశ్చయించిన మనస్సు జ్ఞాపకము గల కణమువంటిది. అది ఏండ్లు గడచినను మరువదు.

ఈ సంగతులన్నియు నేను అక్కయ్యకు కొంచెము కొంచెముగా చెప్పితిని. విభీషణుని కథ ఆమెకు నాకంటె బాగుగా తెలియును. “ఇది నాకు చెప్పడానికి ఇంత దూరం తిరిగివచ్చావా?” అని నవ్వినది. బీరువా తాళపుచెవులు కోడలి చేతికిచ్చినదని వ్రాయగలిగిన బాగుండెడిది, ఇంకను ఇవ్వలేదు. కాని మొన్న ఏకాదశి సాయంకాలము తులసికోట దగ్గర, వ్రేళ్ళు వంగక వత్తి చేయలేక కొంతసేపు ఊరక కూర్చుండి, తరువాత లోపలికి తిరిగి, ఆ పిల్లను పేరు పెట్టి పిలిచినది. “నువ్వు చెయ్యమ్మా, నేను చూస్తాను” అన్నది. పండ్రెండేండ్లలో ఆ పేరు ఆమె నోట నేను వినుట అదియే మొదటిసారి. కోడలు వత్తి చేసి దీపము వెలిగించినది. ఇరువురును ప్రక్క ప్రక్కన నిలిచి నమస్కరించిరి.